పెరిగే సముద్రమట్టం, పూడిన మురుగు కాలువ: కోస్తా సేద్యంలో అనుకూలనకు ప్రమాణమేది?

2020 అక్టోబరు 13 ఉదయం బంగాళాఖాతంలోని తీవ్ర వాయుగుండం కాకినాడ సమీపాన తీరం దాటింది. అదే వాయుగుండం పడమరగా సాగి, ఆ రాత్రికి హైదరాబాద్ తూర్పు భాగాన్ని ముంచెత్తింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులోనే 30 సెంటీమీటర్లకు మించి వర్షం కురిసింది. సరూర్‌నగర్ చెరువు దిగువనున్న కాలనీలు జలమయమయ్యాయి. చంపాపేట్, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ పరిసరాల వారికి ఆ రాత్రి నేటికీ గుర్తే. అదే వారంలో గోదావరి డెల్టాలో చేతికి రానున్న సార్వా వరి నీట నానింది.

చంపాపేట్‌కు సముద్రం దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరం. అయినా ఆ రోజు నగరంలోను, డెల్టాలోను జరిగిన నష్టానికి మూలకారణం ఒక్కటే: వచ్చిన నీరు పోవడానికి దారి లేదు. నగరంలో నాలాలు కుంచించుకుపోయాయి. డెల్టాలో మురుగు కాలువలు పూడిపోయాయి. వర్షపాతం ప్రకృతి నిర్ణయమే కావచ్చు. నిలిచిన నీరు ఎన్ని రోజులు నిలవాలన్నది మాత్రం చాలావరకు మనుషుల నిర్ణయం.

చంపాపేట్‌ను ఆనుకొని ఉన్న సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, ‘క్రిడా’, 2011 ఫిబ్రవరి నుండి ‘నిక్రా’ పేరిట దేశవ్యాప్తంగా వాతావరణ మార్పులను తట్టుకొనే సేద్యంపై పరిశోధనలను, గ్రామస్థాయి ప్రదర్శనలను సమన్వయపరుస్తున్నది. మెట్ట పరిశోధనకు పుట్టిన సంస్థ సముద్రతీర గ్రామాల సమస్యను కూడా తన పరిధిలోకి తెచ్చుకొనవలసి రావడం కాలం తెచ్చిన మార్పుకు సూచన. ఈ నేపథ్యంలో ఆంధ్ర తీరంలోని రైతులు, మత్స్యకారులు పెరుగుతున్న సముద్రానికి ఏ విధంగా అలవాటు పడుతున్నారో, ఆ ప్రయత్నాలలో ఏవి నిలుస్తున్నాయో, ఏవి పొరుగువారికి చేటు తెస్తున్నాయో పరిశీలించడం విస్తరణ శాస్త్రవేత్తలకు అత్యవసరం.

సముద్రం ముందుగా ఎక్కడికి వస్తుంది?

వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం ఆరవ నివేదిక ప్రకారం 1901–2018 మధ్య ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. 1901–1971 కాలంలో ఏడాదికి 1.3 మిల్లీమీటర్లుగా ఉన్న పెరుగుదల 2006–2018 నాటికి 3.7 మిల్లీమీటర్లకు చేరింది. ఈ అంకెలు వినడానికి అల్పంగా తోచవచ్చు. డెల్టా భూములలో మాత్రం దీనికి మరొక అంశం తోడవుతుంది. నది తెచ్చే ఒండ్రు డెల్టాను నిలబెడుతుంది. ఎగువన ఆనకట్టలు, జలాశయాలు పెరిగిన కొద్దీ ఆ ఒండ్రు తగ్గుతుంది. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970 దశకంలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుండగా, 2000 తరువాతి సంవత్సరాలలో 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయినట్లు ఆంధ్ర విశ్వవిద్యాలయ భూశాస్త్రవేత్తల అధ్యయనాలు తెలిపాయి. అనగా నీరు పైకి వస్తున్న కాలంలోనే నేలకు కొత్త పొర చేరడం తగ్గింది.

ఉప్పాడ వంటి చోట్ల సముద్రపు కోత కంటికి కనిపిస్తుంది. ఇళ్లు, రహదారి కెరటాల పాలయ్యాయి. రాళ్లు పోసినా, జియోట్యూబు గోడ కట్టినా కోత ఆగలేదు. ఇటువంటి దృశ్యాలే వార్తలకెక్కుతాయి. అయితే సేద్యానికి సంబంధించినంతవరకు సముద్రం తీరరేఖను దాటి రానక్కరలేదు. అది మురుగు కాలువ గుండా, తీరానికి పది కిలోమీటర్ల లోపలి చేలలోకి నిశ్శబ్దంగా రాగలదు.

దీనిని ఒక సరళమైన గణనతో అర్థం చేసుకోవచ్చు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు ఉంటాయి. పోటుకు, ఆటుకు మధ్య తేడా 1.2 మీటర్లనుకొందాం. మురుగు కాలువలోని నీటిమట్టం సగటు సముద్రమట్టంతో సమానంగా ఉందనుకొందాం. అప్పుడు సముద్రం కాలువ కంటే పల్లంగా ఉండే కాలం రోజుకు 12 గంటలు. ఆ సమయంలోనే మురుగు దిగుతుంది. సగటు సముద్రమట్టం 10 సెంటీమీటర్లు పెరిగితే ఆ వ్యవధి సుమారు 10 గంటల 45 నిమిషాలకు, 20 సెంటీమీటర్లు పెరిగితే సుమారు 9 గంటల 25 నిమిషాలకు తగ్గుతుంది. వ్యవధితో పాటు నీటిమట్టాల మధ్య వాలు కూడా తగ్గుతుంది కనుక, దిగిపోయే నీటి పరిమాణం అంతకంటే ఎక్కువగా పడిపోతుంది. ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున 10 సెంటీమీటర్లు పెరగడానికి 27 సంవత్సరాలు చాలు. ఒక రైతు సేద్య జీవితకాలంలోనే ఇది జరిగిపోవచ్చు.

కాలువలో పూడిక, గుర్రపుడెక్క, మొగ వద్ద ఇసుక మేట, పాడైన తలుపులు దీనికి తోడైతే, వాతావరణ మార్పు రావలసిన దానికంటే కొన్ని దశాబ్దాల ముందే వచ్చినట్లవుతుంది. రైతు దృష్టిలో సముద్రం పెరిగినా, కాలువ పూడినా ఫలితం ఒక్కటే: చేలో నీరు దిగదు.

ఉప్పు నడిచే తీరు

నీరు దిగని నేలలో ఉప్పు నిలుస్తుంది. వేసవిలో కాలువలు కట్టివేసిన తరువాత మంచినీటి ఒత్తిడి తగ్గి, పోటునీరు ఏరుల గుండా, మురుగు కాలువల గుండా ఎగువకు ఎగదన్నుతుంది. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరే వేసవిలో సముద్రపు నీటిని లోపలికి తెచ్చే మార్గమవుతుంది. భూగర్భంలోనూ ఇదే పోరాటం. తీరప్రాంతపు ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఉంటే, దాని అడుగున సుమారు 40 మీటర్ల మేర మంచినీటి పొర నిలుస్తుందని భూగర్భ జలశాస్త్రం చెబుతుంది. బోరుతో పై మట్టాన్ని ఒక మీటరు లాగివేస్తే, అడుగున ఉప్పునీరు 40 మీటర్లు పైకి జరిగే అవకాశం ఏర్పడుతుంది. లోతైన బోరు రైతుకు రక్షణగా తోచినా, తీరంలో అది ఉప్పును ఆహ్వానించే సాధనం.

వరి ఉప్పును పరిమితంగానే సహిస్తుంది. నేల సంతృప్త సారంలో విద్యుత్ వాహకత 3 డెసిసీమెన్స్ దాటినది మొదలు ప్రతి యూనిట్‌కు దిగుబడి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతుందని అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న ప్రమాణం. ఆ లెక్కన 6 డెసిసీమెన్స్ నేలలో మూడో వంతుకు మించి పంట పోతుంది. లేత నారు దశలోను, పూత దశలోను నష్టం అధికం.

పాలచౌడుకు, కారుచౌడుకు గల భేదాన్ని విద్యార్థులు ఇక్కడ గుర్తుంచుకోవాలి. జిప్సం కారుచౌడుకు మందు. తీరప్రాంతాలలో ఎక్కువగా కనిపించే పాలచౌడుకు మందు మంచినీటితో కడగడం, కడిగిన నీటిని బయటకు పంపడం. బయటకు పంపే దారి లేనిచోట ఎంత కడిగినా, ఉప్పు ఒక మడి నుండి మరో మడికి మారుతుంది తప్ప పొలం విడిచి పోదు.

రైతులు, పరిశోధన కలిసి చేసినవి

తీరప్రాంత ప్రజలు చేతులు కట్టుకొని కూర్చోలేదు. బాపట్ల ప్రాంతపు ఇసుక నేలల్లో ‘దొరువు’ అనాదిగా ఉన్నది. లోతు తక్కువైన గుంటలో పైపొర మంచినీటిని మాత్రమే ఊరనిచ్చి, కుండలతో తోడి కూరగాయలకు, నారుమళ్లకు పోయడం దాని పద్ధతి. బాపట్లలోని ఉప్పునీటి వినియోగ పరిశోధన పథకం ఈ దేశీయ పరిజ్ఞానాన్నే ఆధారం చేసుకొని, చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, నీటిని ఒక బావిలోకి చేర్చి, మోటారుతో మెల్లగా తోడే మెరుగైన దొరువు పద్ధతిని రూపొందించింది. లోతుకు పోకుండా వెడల్పుగా తోడడమే దాని సారం.

విత్తనం విషయంలోను కృషి గణనీయం. మచిలీపట్నం పరిశోధన స్థానం నుండి ఎం.సి.ఎం. 100, ఎం.సి.ఎం. 101 వంటి చౌడును ఓర్చుకొనే వరి రకాలు వచ్చాయి. మారుటేరులో 1982లో విడుదలైన స్వర్ణకు, ఒడిశాకు చెందిన దేశవాళీ రకం నుండి ముంపును తట్టుకొనే జన్యుభాగాన్ని చేర్చి రూపొందించిన స్వర్ణ–సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. అది రెండు వారాల వరకు పూర్తి ముంపును తట్టుకోగలదు. పశ్చిమ గోదావరి జిల్లా మత్స్యపురి వంటి నిక్రా గ్రామాల్లో ఎం.టి.యు. 1061, ఎం.టి.యు. 1064 రకాలను ముంపు పరిస్థితుల్లో రైతుల చేలలో ప్రదర్శించారు. చౌడు నేలల్లో ముదురు నారు వాడడం, కుదురుకు మొక్కల సంఖ్య పెంచడం, దగ్గర దగ్గరగా నాటడం రైతులు అలవరచుకొన్న ఇతర మెళకువలు.

పంటకాలాన్ని ముందుకు జరపడం మరొక మార్గం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి పది వేలకు పైగా ప్రాణాలు తీసిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమను కూల్చిన తుపాను తీరవాసుల మనసులలో అక్టోబరు–నవంబరు మాసాలను భయమాసాలుగా ముద్రించాయి. సార్వా కోతలు ఆ మాసాలకు ముందే ముగియాలంటే నీరు ముందుగా రావాలి. ఈ ఆలోచనతోనే 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1ననే కాలువలు వదిలారు.

మడ అడవుల పునరుద్ధరణ కూడా ఇదే కోవలోనిది. కోరింగలోను, కృష్ణా ముఖద్వారంలోను ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్, అటవీ శాఖ, గ్రామ సంఘాలు కలిసి క్షీణించిన మడలను చేపముల్లు ఆకారపు కాలువలతో తిరిగి పెంచాయి. అక్కడ మడ చచ్చిపోవడానికి ముఖ్యకారణం పోటునీరు లోపలికి వచ్చి, తిరిగి పోలేక ఎండి, ఉప్పు పేరుకొనడం. నీటికి రాకపోకల దారి కల్పించగానే మొక్క నిలిచింది. ఉప్పును కోరే మడచెట్టుకు సైతం మురుగు పారుదల కావలసివచ్చిందన్న సంగతి వరి శాస్త్రవేత్తకు గొప్ప పాఠం.

ఒకరి రక్షణ, పొరుగువారి నష్టం

పై ప్రయత్నాలన్నింటిలో కాలువ సమస్య మాత్రం మిగిలే ఉంది. కోనసీమలో 2011 సార్వాలో వేలాది ఎకరాలను రైతులు స్వచ్ఛందంగా బీడు పెట్టి ‘పంట విరామం’ ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలీల కొరతతో పాటు ముంపు, మురుగు కాలువల దుస్థితి వారి ఫిర్యాదులలో ఉన్నాయి. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. 2022లో జూన్ 1న నీరు వచ్చిన ఏడాదే, కోనసీమలోని కొన్ని మండలాల రైతులు మళ్లీ విరామం ప్రకటించారు. పంటకాలం ముందుకు జరిగింది. కాలువ మాత్రం ఉన్నచోటనే ఉన్నది. నీరు తెచ్చే ఏర్పాటు, నీరు పంపే ఏర్పాటు కలిసి నడవకపోతే మంచి నిర్ణయం కూడా సగమే ఫలిస్తుంది.

పంట పండని చేనుకు రైతు ముందున్న సులభమైన ప్రత్యామ్నాయం చెరువు. 2009లో వనామి రొయ్యకు అనుమతి లభించిన తరువాత ఉప్పునీటి సాగు తీరం నుండి లోపలికి వేగంగా విస్తరించింది. ఒక కుటుంబం దృష్ట్యా చూస్తే ఇది తెలివైన అనుకూలనే: ఉప్పు వచ్చింది, ఉప్పులో బ్రతికే జీవిని పెంచారు. కాని చెరువు గట్టు నుండి ఊట పక్క వరిచేలోకి దిగుతుంది. చెరువు ఖాళీ చేసిన నీరు అదే మురుగు కాలువలోకి చేరుతుంది. కాలువ మట్టం పెరిగి, పై చేల నీరు దిగడం మందగిస్తుంది. రెండు మూడేళ్లలో పక్క చేను కూడా వరికి పనికిరాకుండా పోయి, దాని యజమాని కూడా చెరువు తవ్వక తప్పని స్థితి ఏర్పడుతుంది. ఒకరి అనుకూలన మరొకరికి విపత్తుగా మారే క్రమం ఇదే. 1996 డిసెంబరు 11న సర్వోన్నత న్యాయస్థానం తీరప్రాంత రొయ్యల చెరువులపై ఇచ్చిన తీర్పు, 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఈ రంగానికి హద్దులు ఏర్పరచాయి. అయినా ఒక మురుగు కాలువ పరీవాహకంలో ఎన్ని చెరువులు ఇమడగలవన్న ప్రశ్నను గ్రామస్థాయిలో అడిగేవారు అరుదు.

ఈ నిర్ణయాలు ఎక్కడ జరుగుతున్నాయన్నది మరొక చిక్కు. డెల్టాలో సేద్యం చేసేది తరచుగా కౌలురైతు. భూమి యజమాని పట్టణంలోనో, నగరంలోనో ఉంటాడు. చంపాపేట్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, వనస్థలిపురం ప్రాంతాల్లో కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం. సంక్రాంతి ముందు ఎల్.బి.నగర్ కూడలిలో విజయవాడ వైపు బస్సుల కోసం నిలిచే జనమే దీనికి సాక్ష్యం. ఊళ్లో మిగిలిన రెండెకరాలను వరికి కౌలుకివ్వాలా, చెరువుకివ్వాలా అన్న నిర్ణయం ఇటువంటి ఇంటి ముందుగదిలో, ఫోనులో, కౌలు మొత్తాన్ని బట్టి జరగవచ్చు. పక్క చేనులోకి దిగే ఊట ఆ ఫోనులో వినిపించదు. ఏడాదికో భూమి మారే కౌలురైతు మురుగు బోదె తవ్వించడానికి పెట్టుబడి పెట్టడు. పెట్టినా దాని ఫలం అతనికి దక్కదు. నేలను బాగుచేసే శక్తి ఉన్నవాడు నేల మీద లేడు. నేల మీద ఉన్నవానికి ఆ హక్కు లేదు. విస్తరణ కార్యక్రమం శిక్షణకు పిలిచేది కౌలురైతును. నిర్ణయం చేసేది అతడు కాదు.

సమష్టి ప్రమాణం వైపు

మురుగు పారుదల ఉమ్మడి బాధ్యత అన్న గుర్తింపు మనకు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత శతాబ్ది కాలం పాటు డెల్టా దృష్టి నీరు తేవడం మీదనే ఉన్నది. 1960 దశకంలో వరద ముంపుల తరువాత దృష్టి మురుగు వైపు మళ్లి, 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పారుదల సెస్సు చట్టం వచ్చింది. అంటే కాలువ తవ్వకానికి డెల్టా రైతులు ఎకరాల లెక్కన పన్ను కట్టిన చరిత్ర ఉన్నది. 1997లో రైతుల సాగునీటి యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. అయితే ఆ సంఘాల సరిహద్దులు సాగునీటి కాలువ ఆయకట్టును బట్టి గీసినవి. ఒకే మురుగు కాలువలోకి నీరు వదిలే రైతులు వేర్వేరు సంఘాలలో ఉండిపోతారు.

సాంకేతికంగా మార్గం ఉన్నదని చూపిన ప్రయోగాలు ఉన్నాయి. 1990 దశకం చివరలో బాపట్ల కేంద్రంగా ఇండో–డచ్ పథకం కింద కోనంకి, ఉప్పుగుండూరు గ్రామాల్లో భూగర్భ మురుగు పారుదల గొట్టాలు వేసి చౌడు, నీటిముంపు నేలలను బాగుచేసే పద్ధతిని రైతుల పొలాల్లోనే పరీక్షించారు. ఇటువంటి పద్ధతి ఒక్క కమతంలో సాధ్యం కాదు. గొట్టాల చివర నీరు పడే కాలువ అందరిదీ కావాలి.

సముద్రమట్టానికి దిగువన వరి పండించే కేరళలోని కుట్టనాడులో సేద్యానికి ప్రమాణం కమతం కాదు, ‘పాడశేఖరం’. ఒకే గట్టు లోపలి చేలన్నీ కలిసి ఒక్కసారే నీరు తోడి, ఒక్కసారే విత్తుతాయి. సంఘం నిర్ణయించనిదే మోటారు నడవదు. బంగ్లాదేశ్ అనుభవం మరో కోణం చూపుతుంది. 1960 దశకం నుండి అక్కడ కట్టిన తీరపు గట్లు ఉప్పునీటిని ఆపాయి. కాని ఒండ్రు చేలలోకి రాక నదీగర్భంలో పేరుకొని, లోపలి నీరు పోయే దారి మూసుకుపోయింది. 1990లో బీల్ డాకాతియా ప్రజలు తామే గట్టును తెగగొట్టి పోటునీటిని, దానితో ఒండ్రును లోపలికి రానిచ్చారు. ఆ తరువాతనే ప్రభుత్వం ఆ పద్ధతికి ప్రణాళికా రూపమిచ్చింది. గోడ కట్టినంత మాత్రాన తీరం రక్షింపబడదని, నీటి రాకపోకలను పాలించే గ్రామమే నిలుస్తుందని ఈ రెండు ఉదాహరణలు తెలుపుతున్నాయి.

విస్తరణ కర్తవ్యం

ఈ పరిశీలన నుండి తేలే సారాంశం ఒక్కటి: తీరప్రాంతంలో వాతావరణ అనుకూలనకు ప్రమాణం కమతం కాదు, మురుగు కాలువ పరీవాహకం. ఓర్చుకొనే విత్తనం రైతుకు కాలాన్ని మాత్రమే ఇస్తుంది. రెండు వారాల ముంపును తట్టుకొనే వరి, మూడు వారాలు నీరు దిగని చేలో నిలవదు. ఆ కాలాన్ని కాలువ బాగుకు వినియోగించుకోకపోతే, ప్రతి కొత్త రకం మరో కొన్నేళ్ల వాయిదాగా మిగిలిపోతుంది.

దీనిని ఆచరణలోకి తేవడానికి కొన్ని పనులు నేడే ప్రారంభించవచ్చు. తీరమండలాల కృషి విజ్ఞాన కేంద్రాలు గ్రామాన్ని కాక ఒక మురుగు కాలువను ప్రదర్శన క్షేత్రంగా ఎంచుకోవాలి. ఆ కాలువ వెంట వేసవి, నారుమడి, పూత దశల్లో నీటి విద్యుత్ వాహకతను కొలిచి, గ్రామ సచివాలయం గోడపై రైతులకు తెలిసే విధంగా రాయాలి. ఇది ఒక చిన్న మీటరుతో, విద్యార్థుల గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలోనే సాధ్యమయ్యే పని. వాన వెలిసిన తరువాత చేను నుండి నీరు దిగడానికి పట్టిన రోజులను దిగుబడితో పాటు నమోదు చేయాలి. చెరువు, వరి పక్కపక్కన ఉన్నచోట ఊటను పట్టే కాలువ, చెరువు నీరు వదిలే వేళ రెండు వర్గాలూ కలిసి నిర్ణయించుకొనే వేదిక కల్పించాలి. శిక్షణకు కౌలురైతుతో పాటు భూయజమానిని, ఆక్వా రైతును, కాలువ మొగ వద్ద వల వేసే మత్స్యకారుని పిలవాలి. మొగ ఎప్పుడు పూడుతుందో, ఎప్పుడు తెరుచుకుంటుందో అందరికంటే ముందు తెలిసేది ఆ మత్స్యకారునికే. నగరంలో ఉన్న యజమానికి తన రెండెకరాల కాలువ స్థితి తెలిపే ఏర్పాటు కూడా విస్తరణలో భాగం కావాలి; ఆ సమాచారం చంపాపేట్‌లోని ఇంటికి చేరడం నేడు కష్టమేమీ కాదు.

తుపాను ఏ రోజు వస్తుందో ముందుగా చెప్పగల శాస్త్రం నేడు ఉన్నది. తుపాను వెళ్లిన తరువాత ఫలానా చేలో నీరు ఎన్ని రోజులు నిలుస్తుందో చెప్పగల లెక్క మాత్రం చాలా గ్రామాల్లో ఇంకా లేదు. రాబోయే సార్వాకు ముందు కనీసం ఒక్కో మండలంలో ఒక్క కాలువకైనా ఆ లెక్క సిద్ధమైతే, తీరసేద్యానికి అదే సరైన ఆరంభం.